పాత లోడర్ ట్రాక్టరుకు పట్టు పోయిందా? అమ్మే ముందు ఇవి చూడండి

సార్వా కోతలయ్యాక అగ్రహారంలో ఏటా వినిపించే మాటే. "బండి పాతదైపోయింది, బకెట్ నిండితే చాలు వెనక చక్రాలు ఊరికే తిరుగుతున్నాయి, వచ్చిన కాడికి ఇచ్చేద్దాం." 15 నుంచి 20 హార్స్‌పవర్ మధ్య ఉండే చిన్న ట్రాక్టరు, దానికి ముందు బిగించిన లోడర్ బకెట్. ఇలాంటి బండి ఇంట్లో ఉన్నవాళ్లు ఈ మాట ఒక్కసారైనా అనుకునే ఉంటారు.

మన యానాం మొత్తం కలిపితే దాదాపు 30 చదరపు కిలోమీటర్లు. కొబ్బరి చెట్ల మధ్య పెద్ద ట్రాక్టరు మలుపు తిరగదు. 2022 జూలైలో గౌతమి పొంగి ఇళ్లలోకి వచ్చిన సంగతి ఎవరూ మరిచిపోలేదు. వరద తీశాక సందుల్లో మిగిలే ఒండ్రునూ చెత్తనూ ఎత్తడానికి పెద్ద యంత్రం వచ్చేదాకా కూర్చోలేం, వచ్చినా అది సందులో పట్టదు. పట్టేది ఈ చిన్న బండే. అందుకే అమ్మకం మాట ఎత్తే ముందు పట్టు ఎందుకు పోయిందో చూడమంటున్నాం. చాలాసార్లు తప్పు ఇంజనుది కాదు, బరువు ఉండాల్సిన చోట లేకపోవడమే.

బరువు ఎటు పోతోంది

ముందు ఇరుసు మీద కాటా ఆడుతున్నట్టు ఊహించుకోండి. బకెట్‌లో వేసిన బరువు ఇరుసుకు ముందు వేలాడుతుంది, దానివల్ల వెనక భాగం పైకి లేస్తుంది. రెండు ఇరుసుల మధ్య దూరం 1.4 మీటర్లు, బకెట్ మధ్యభాగం ముందు ఇరుసుకు 1.2 మీటర్ల ముందు ఉందనుకుందాం. 250 కిలోల తడి మట్టి ఎత్తితే వెనక చక్రాల మీద నుంచి దాదాపు 214 కిలోలు లేచిపోతాయి. ముందు ఇరుసు మీద 250 కాదు, 464 కిలోలు అదనంగా పడతాయి. తోసేది వెనక చక్రాలు, బరువు మోసేది ముందు చక్రాలు. ఇక పట్టు ఎక్కడి నుంచి వస్తుంది?

దీనికి మందు వెనక లిఫ్టుకు బరువు కట్టడం. అదే బండికి వెనక ఇరుసు నుంచి 0.7 మీటర్ల వెనక 200 కిలోలు వేలాడదీస్తే వెనక చక్రాల మీద 300 కిలోలు పెరుగుతాయి, ముందు ఇరుసు మీద 100 తగ్గుతాయి. చక్రాలకు ఇనుప బరువులు బిగించినా, టైర్లలో నీళ్లు నింపినా వెనక పట్టు పెరుగుతుంది కానీ ముందు ఇరుసుకు దక్కే ఊరట ఏమీ ఉండదు. ఈ తేడా చాలామందికి తెలియదు. పాత బండికి అసలు ప్రాణం ముందు ఇరుసే కాబట్టి, డబ్బు ఒక్కదానికే ఉంటే లిఫ్టు బరువుకే పెట్టండి.

కొనాల్సిన పని కూడా లేదు. 200 లీటర్ల ఇనుప డ్రమ్మును సగానికి కోసి కాంక్రీటు పోస్తే సుమారు 240 కిలోలు వస్తుంది. లిఫ్టు చేతులు తగిలించడానికి అడ్డంగా ఒక గట్టి ఇనుప కడ్డీ, టాప్ లింక్‌కు పైన ఒక బ్రాకెట్, లోపల నాలుగు ఊచలు కట్టి పోయించాలి. వెల్డింగు షాపు పని ఒక పూట. మీ బండి లిఫ్టు ఎంత ఎత్తగలదో పుస్తకంలో చూసుకుని దానికి లోబడే పోయండి. డ్రమ్ము నిండా పోస్తే 480 కిలోలవుతుంది, చిన్న బండికి అది ఎక్కువే. కాంక్రీటు వద్దనుకుంటే రోటావేటర్‌నే వెనక తగిలించి ఉంచండి, పీటీఓ మాత్రం ఆపి ఉంచాలి.

టైర్లలో నీళ్లు

చక్రాన్ని జాకీ మీద ఎత్తి, వాల్వు పైకి వచ్చేలా తిప్పి, వాల్వు మట్టం దాకా నీళ్లు పట్టిస్తే టైరు దాదాపు ముప్పావు వంతు నిండుతుంది. మిగతాది గాలి. లీటరుకు కిలో బరువు. రెండు వైపులా సమానంగా ఉండాలి. చలి దేశాల్లో నీళ్లు గడ్డకట్టకుండా కాల్షియం క్లోరైడ్ కలుపుతారు, మనకు ఆ అవసరం లేదు. మన సమస్య వేరు. పాయ నీళ్లూ ఉప్పు తగిలే బోరు నీళ్లూ పట్టించవద్దు. ట్యూబు ఎక్కడ చెమర్చినా రిమ్ము లోపలి నుంచి తుప్పు తింటుంది, బయటికి కనిపించేసరికి రిమ్ము మార్చాల్సిందే. ఆ తర్వాత గాలి చూసేటప్పుడు కూడా వాల్వు పైనే ఉండాలి, లేకపోతే గేజిలోకి నీళ్లు వస్తాయి.

గాలి విషయంలో అందరూ చేసే పొరపాటు నాలుగు టైర్లూ రాయిలా బిగించడం. చేలో వెనక టైరు కాస్త మెత్తగా ఉంటేనే నేల మీద పరుచుకుని పట్టుకుంటుంది. అలాగని పుస్తకంలో చెప్పిన కనీసం కంటే తగ్గిస్తే రిమ్ము మీద టైరు జారి వాల్వు తెగుతుంది. లోడర్ పనికి ముందు టైర్లు మాత్రం గట్టిగానే ఉండాలి. టైరు విప్పి మళ్లీ ఎక్కించినప్పుడు పక్కన ఉన్న బాణం గుర్తు ముందుకు తిరిగే దిక్కునే చూపుతోందా అని చూడండి. తిరగేసి బిగించిన టైరు బురదను బయటికి నెట్టదు, మధ్యలో కూరుకుంటుంది. బటన్లు అరిగి నున్నబడితే ఏ బరువూ పని చేయదు.

పట్టు పెరిగిందో లేదో కళ్లతో కాదు, కొలిచి తెలుసుకోవాలి. వెనక టైరు మీద సున్నంతో గీత పెట్టి, ఖాళీ బండిని అదే చేలో చక్రం 10 చుట్లు తిరిగేదాకా నడిపి దూరం కొలవండి. తర్వాత పనిలో ఉండగా మళ్లీ 10 చుట్లు. మొదట 28 మీటర్లు, తర్వాత 24 వస్తే జారుడు సుమారు 14 శాతం. 8 నుంచి 15 శాతం దాకా మామూలే. 20 దాటితే డీజిలూ టైరూ వృథా. మరీ తక్కువ వస్తే బరువు ఎక్కువైంది, గేరుబాక్సు మీద భారం పడుతుంది.

దిగబడినప్పుడు

ఒక చక్రం గిరగిరా తిరుగుతుంటే ఇంకా గ్యాసు తొక్కడం వల్ల గుంట లోతవుతుందే తప్ప బండి రాదు. ఆపండి, చక్రం నిలిచాక డిఫరెన్షియల్ లాక్ తొక్కండి, తిన్నగా బయటికి వచ్చాక వదిలేయండి. తిరుగుతున్న చక్రం మీద తొక్కినా, లాక్ వేసి మలుపు తిప్పినా లోపల పళ్లు విరుగుతాయి. దమ్ము చక్రాలు తగిలిస్తే బురదలో తిరుగుండదు, కానీ వాటితో తారు రోడ్డెక్కితే రోడ్డు పోతుంది, జరిమానా పడుతుంది. లోడర్ పనికి అవి పనికిరావు కూడా.

ఏటిగట్టు మీద

ఇక్కడ పోయేది డీజిలు కాదు, ప్రాణం. చాలా చిన్న ట్రాక్టర్లకు బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి. నిండు బకెట్‌తో, వెనక బరువు లేకుండా, గట్టు మీద నుంచి ముందుకు దిగుతుంటే వెనక చక్రాలు తేలిపోతాయి. అప్పుడు బ్రేకు తొక్కినా చక్రం ఆగుతుంది, బండి ఆగదు. ఫోర్ వీల్ ఉన్న బండి అయితే దిగేటప్పుడు తప్పకుండా అది వేసి ఉంచాలి, ముందు చక్రాలు కూడా ఇంజనుకు లోబడి ఆగుతాయి. గట్టి తారు మీద మాత్రం తీసేయాలి. టూ వీల్ బండితో నిండు బకెట్ దించాలంటే వెనక్కి నడుపుతూ, బరువు ఎగువ వైపు ఉండేలా దిగడమే మంచిది. గట్టు వాలుకు అడ్డంగా నడపవద్దు. బకెట్ ఎప్పుడూ మోకాలి ఎత్తు దాటకుండా మోయాలి, ఎత్తడం ట్రక్కు దగ్గరికి చేరాకే. సీటు వెనక రక్షణ కడ్డీ ఉంటే బెల్టు పెట్టుకోండి. కడ్డీ లేని బండికి బెల్టు వద్దు. బకెట్‌లో పిల్లల్ని ఎక్కించి తిప్పడం చూస్తున్నాం, దయచేసి మానండి.

లోడర్ నిదానంగా లేస్తుంటే పంపు పోయిందని కంగారు పడకండి. ముందు నూనె మట్టం, తర్వాత ఫిల్టరు, జల్లెడ చూడండి. నూనె పాలలా కనిపిస్తే నీరు చేరినట్టే, దమ్ము తర్వాత ముందు ఇరుసు నూనెకూ ఇదే పరీక్ష. గొట్టం కారుతోందేమోనని చేత్తో తడమవద్దు. సన్నని చిల్లు నుంచి వచ్చే నూనె చర్మంలోకి దూసుకుపోతుంది, అట్టముక్క అడ్డంపెట్టి చూడాలి. బండి దిగే ముందు బకెట్ నేలకు ఆనించాలి.

ఇక ఉపయోగం సంగతి. బకెట్‌తో గట్టి నేల తవ్వించడం వల్లే పాత బండ్ల లోడర్ చేతులు వంగుతున్నాయి. నేలను ముందు కల్టివేటర్‌తో వదులు చేసి, తర్వాత బకెట్‌తో ఎత్తండి. వెనక ఒక బ్లేడు ఉంటే అదే బరువూ అవుతుంది, దాళ్వాకు ముందు చేను చదునూ చేస్తుంది. బకెట్ బదులు ఫోర్కులు పెడితే కొబ్బరి మట్టలు, డొక్కలు, పడిన మాను ముక్కలు తేలిగ్గా కదులుతాయి. గత్తం పోగుకు బకెట్‌ను నేలకు సమంగా పెట్టి, చిన్న గేరులో దూరి, నిండాక వెనక్కి మడవండి.

ఇన్ని చేశాక కూడా అమ్మక తప్పని సందర్భం ఒకటుంది. ముందు ఇరుసు మధ్య పిన్ను దగ్గరా, లోడర్ బ్రాకెట్లు ఛాసిస్‌కు బిగించిన చోటా పగుళ్లు కనిపిస్తే, వెల్డింగు మీద వెల్డింగు వేసి నడపవద్దు. లోడర్ విప్పేసి, బండిని దుక్కికీ రోటావేటర్‌కూ వాడుకోండి. లేదా కొనేవాళ్లకు ఆ పగులు చూపించి మరీ అమ్మండి.