‘దేర్స్ ఎ రయట్ గోయిన్ ఆన్’ (1971): చీలిపోతున్న కుటుంబ బృందం మిగిల్చిన ఆల్బమ్

‘దేర్స్ ఎ రయట్ గోయిన్ ఆన్’ అమెరికాకు చెందిన ‘స్లై అండ్ ది ఫ్యామిలీ స్టోన్’ బృందపు ఐదవ స్టూడియో ఆల్బమ్. ఎపిక్ రికార్డ్స్ సంస్థ దీనిని 1971 నవంబరులో విడుదల చేసింది. ‘అల్లరి చెలరేగుతోంది’ అని ఈ పేరుకు స్థూలంగా అర్థం. ఫంక్ సంగీత చరిత్రలో దీనికి ప్రత్యేక స్థానం ఉంది. అంతవరకు ఉత్సాహానికి, నాట్యానికి పేరుపడిన ఆ సంగీతం అలసటను, అనుమానాన్ని, ఇంటి కలతను కూడా పలకగలదని ఈ ఆల్బమ్ నిరూపించింది.

ఫంక్ అనునది 1960ల ద్వితీయార్ధంలో ఆఫ్రికన్ అమెరికన్ల మధ్య రూపుదిద్దుకున్న సంగీత శైలి. దానికి బాట వేసినవారిలో జేమ్స్ బ్రౌన్ ప్రథముడు. ఇందులో రాగం కన్నా లయకే పెద్దపీట. ఆవర్తంలోని మొదటి దెబ్బపై బరువు వేసి, బేస్ గిటారు, డ్రమ్ములు, బాకాలు అన్నీ ఆ లయను అల్లుకుని సాగుతాయి.

బృందం పుట్టుక

స్లై స్టోన్ అసలు పేరు సిల్వెస్టర్ స్టీవర్ట్. 1943 మార్చి 15న టెక్సాస్ రాష్ట్రంలోని డెంటన్‌లో జన్మించి, కాలిఫోర్నియాలోని వలేహోలో పెరిగాడు. దైవభక్తి గల కుటుంబం కావడంతో పిల్లలంతా చర్చిలో పాడేవారు. ఆ తోబుట్టువులు ‘స్టీవర్ట్ ఫోర్’ అనే పేరుతో 1952లోనే ఒక భక్తిగీతాల రికార్డు చేశారు. యౌవనంలో అతడు శాన్ ఫ్రాన్సిస్కో రేడియోలో వ్యాఖ్యాతగా, రికార్డుల నిర్మాతగా పనిచేశాడు.

అతడు ఏర్పరచిన బృందంలో తమ్ముడు ఫ్రెడ్డీ గిటారు, చెల్లెలు రోజ్ కీబోర్డు, సింథియా రాబిన్సన్ ట్రంపెట్, జెర్రీ మార్టినీ శాక్సోఫోను, లారీ గ్రాహమ్ బేస్ గిటారు, గ్రెగ్ ఎరికో డ్రమ్ములు వాయించేవారు. మార్టినీ, ఎరికో శ్వేతజాతీయులు, తక్కినవారు నల్లజాతివారు. నల్లవారు, తెల్లవారు, స్త్రీలు, పురుషులు ఒకే వేదికపై సమానంగా నిలబడి వాయించడం ఆనాటి అమెరికాలో అరుదు. ‘ఎవ్రీడే పీపుల్’ పాట 1969లో అమెరికా పట్టికలో ప్రథమ స్థానం పొందింది. అదే ఏడాది ఆగస్టులో వుడ్‌స్టాక్ ఉత్సవంలో చేసిన కచేరీ వారి కీర్తిని శిఖరానికి చేర్చింది.

చీలిక

కీర్తి వెంటే కష్టాలు వచ్చాయి. స్లై మాదకద్రవ్యాలకు బానిసయ్యాడు. కచేరీలకు ఆలస్యంగా రావడం, కొన్నింటికి అసలు రాకపోవడం అలవాటుగా మారింది. 1970 జూలై 27న షికాగో గ్రాంట్ పార్కులో ఉచిత కచేరీ ఏర్పాటుకాగా, బృందం వేదిక ఎక్కకముందే అల్లర్లు చెలరేగి వందమందికి పైగా గాయపడ్డారు. మరోవైపు నల్లజాతి ఉద్యమకారుల నుండి శ్వేతజాతి సభ్యులను తొలగించాలన్న ఒత్తిడి వచ్చింది. 1971లో ఎరికో బృందాన్ని విడిచిపెట్టాడు.

రికార్డింగు

ఈ స్థితిలో ఆల్బమ్ పని లాస్ ఏంజెలస్‌లోని బెల్ ఎయిర్ ప్రాంతంలో స్లై నివసించిన భవనంలోనూ, రికార్డ్ ప్లాంట్ స్టూడియోలోనూ సాగింది. బృందమంతా కలిసి వాయించే పద్ధతి దాదాపు పోయింది. స్లై పెక్కు వాద్యాలను ఒక్కడే వాయించుకున్నాడు. బిల్లీ ప్రెస్టన్, బాబీ వోమాక్ వంటి మిత్రులు కొంత సహకరించారు. డ్రమ్ములవాడు లేని లోటును ‘మాయెస్ట్రో రిథమ్ కింగ్’ అనే తాళయంత్రం పూరించింది. మీట నొక్కితే అందులో ముందుగా అమర్చిన తాళం మోగుతుంది. ప్రసిద్ధ ఆల్బమ్‌లలో అటువంటి యంత్రానికి ఇంతటి ప్రాధాన్యం దక్కడం అప్పటికి కొత్త.

ఒకే టేపుపై పదే పదే గొంతులు, వాద్యాలు చేర్చడం వల్ల ధ్వని మసకబారింది; వెనుక సన్నని బుసవంటి శబ్దం మిగిలిపోయింది. సాంకేతికంగా అది లోపమే. కాని విసిగి వేసారిన ఆ గొంతుకు ఆ మసక స్వరమే తగినదైంది.

పాటలు

అన్నిటికన్నా జనాదరణ పొందినది ‘ఫ్యామిలీ అఫైర్’. ఒకే తల్లి కన్న ఇద్దరు బిడ్డలలో ఒకరు చదువుకుని బాగుపడగా మరొకరు దారితప్పుతారు. తల్లికి మాత్రం ఇద్దరూ సమానమే. కొత్త దంపతుల అనుమానాలూ ఇందులో ఉన్నాయి. స్లై తగ్గుస్వరంలో చరణాలు పాడగా, పల్లవి రోజ్ అందుకుంటుంది. అన్నాచెల్లెళ్లు ఇల్లు చీలడం గురించి కలిసి పాడిన ఈ పాట 1971 డిసెంబరులో ప్రథమ స్థానం పొందింది. ఆల్బమ్ కూడా ఆ నెలలోనే ప్రథమ స్థానానికి చేరింది.

‘రన్నిన్ అవే’ తేలికగా వినిపించినా, తన నుండి తాను పారిపోయేవానికి హెచ్చరిక. చివరి పాట 1970లో విజయవంతమైన తమ పాటనే నిదానమైన, బరువైన నడకలో తిరిగి చేసినది. ఆల్బమ్ పేరుగల పాట నిడివి సున్నా సెకన్లు: లేబుల్‌పై పేరుంది, వినడానికి ఏమీ లేదు. అల్లర్లు ఉండరాదన్నదే తన భావమని స్లై తరువాతి కాలంలో వివరించాడు. అదే సంవత్సరం మార్విన్ గే ‘వాట్స్ గోయింగ్ ఆన్’ అని అడిగిన ప్రశ్నకు ఈ పేరు జవాబని కూడా చెబుతారు.

అట్టపై ఎరుపు, తెలుపు, నలుపు రంగుల అమెరికా జెండా ఉంది. నీలం స్థానంలో నలుపు, నక్షత్రాల స్థానంలో సూర్యబింబాలు కనిపిస్తాయి.

తరువాత

లారీ గ్రాహమ్ 1972లో వైదొలగి ‘గ్రాహమ్ సెంట్రల్ స్టేషన్’ స్థాపించాడు. 1973లో ‘ఫ్రెష్’ ఆల్బమ్ వెలువడినా, 1975 నాటికి పాత బృందం చెదిరిపోయింది. 1993లో బృందానికి రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం దక్కింది. విడుదలైనప్పుడు కొందరు విమర్శకులను కలవరపెట్టిన ఈ ఆల్బమ్‌ను, రోలింగ్ స్టోన్ పత్రిక 2020లో తన 500 ఉత్తమ ఆల్బమ్‌ల జాబితాలో 82వ స్థానంలో నిలిపింది. స్లై స్టోన్ 2023లో ఆత్మకథ వెలువరించి, 2025 జూన్ 9న 82వ ఏట కన్నుమూశాడు.

చర్చిలో కలిసి పాడిన తోబుట్టువులతో మొదలైన బృందం నిలవలేదు. అది విడిపోతున్న వేళ టేపుపై పడిన ఆ మసక ధ్వనిని మాత్రం నేటికీ సంగీతకారులు శ్రద్ధగా వింటున్నారు.