సస్పెన్స్ ఖాతాలో ఒక ఎంజైమ్

మిలిటరీ లెక్కల్లో ఏ పద్దుకు చెందుతుందో తేలని మొత్తాన్ని సస్పెన్స్ ఖాతాలో వేసేవాళ్ళం. తేలేదాకా దానికి దొంగపేరు పెట్టకూడదు. జీవశాస్త్రంలో కూడా ఒక ఎంజైమ్ దాదాపు ఇరవై ఏళ్ళు అలాగే ఉండిపోయింది.

1977లో లియోనా శాంసన్, జాన్ కెయిర్న్స్ ఒక సంగతి బయటపెట్టారు. డీఎన్ఏకు మీథైల్ గుంపులు తగిలించి పాడుచేసే రసాయనాన్ని ముందు కొద్దికొద్దిగా ఇస్తే, ఈ.కోలై బాక్టీరియా తర్వాత పెద్ద మోతాదునూ తట్టుకుంటోంది. అంటే లోపల మరమ్మతు ఏదో జరుగుతోంది. 1983లో జపాన్ శాస్త్రవేత్తలు ఆల్క్‌బి అనే జన్యువును వేరుచేశారు. అది చెడిన బాక్టీరియా ఆ రసాయనాలకు తేలిగ్గా చచ్చిపోతుంది. కానీ దాని ప్రొటీన్ చేసే పనేమిటో పరీక్షనాళికలో ఎవరూ చూపలేకపోయారు.

తెలియనిచోట దేవుణ్ణో, ప్రాణశక్తినో కూర్చోబెట్టడం మనవాళ్ళకు అలవాటు. శాస్త్రజ్ఞులు ఆ ఖాళీని ఖాళీగానే ఉంచారు. 2001లో అమెరికాలో ఎల్. అరవింద్, యూజీన్ కూనిన్ ప్రొటీన్ల వరుసలను కంప్యూటర్‌తో పోల్చి ఒక ఊహ ప్రకటించారు: ఇది ఇనుము, ఆక్సిజన్, 2-ఆక్సోగ్లుటరేట్ వాడుకునే ఎంజైమ్‌ల కుటుంబానికి చెందినది. తప్పయితే ఒక్క ప్రయోగంతో దొరికిపోయే ఊహ అది!

2002లో బ్రిటన్, నార్వే బృందాలు విడివిడిగా ఇనుము, 2-ఆక్సోగ్లుటరేట్ కలిపి చూశాయి. ఎంజైమ్ పనిచేసింది. అది మీథైల్‌ను ఆక్సీకరిస్తుంది, మీథైల్ ఫార్మాల్డిహైడ్‌గా ఊడిపోతుంది, డీఎన్ఏ అక్షరం యథాస్థితికి వస్తుంది. ముక్క కోసి అతికే పని లేదు. ఆర్ఎన్ఏను కూడా ఇలాగే బాగుచేస్తుందని 2003లో తేలింది. మనిషిలోనూ ఈ కుటుంబపు ఎంజైమ్‌లున్నాయి. వాటిలో ఆల్క్‌బిహెచ్3 అనేదానికి మరో ప్రొటీన్ ఎలా తోడ్పడుతుందో 2019లో ఐఐటీ హైదరాబాద్ పరిశోధకులు చూపారు.

ఇక ఇనుము సంగతి. నేనుండే కిరండూల్‌లో దానికి కొదవలేదు. 1968లో గని మొదలైంది, బైలాడిలా కొండల ఖనిజం రైలెక్కి విశాఖకు పోతుంది. అయితే ఈ ఎర్రరాయిలోది ఫెర్రిక్ ఇనుము, ఎంజైమ్‌కు కావలసింది ఫెర్రస్ ఇనుము, అదీ ఒక్కో అణువుకు ఒక్క పరమాణువు. కాబట్టి రేపెవరైనా "లోహభస్మం తింటే జన్యువులు బాగుపడతాయి, సైన్సే చెప్పింది" అంటే నమ్మేయకండి. ఎంజైమ్‌లో ఇనుము ఉందన్నది ఒక పద్దు, భస్మం రోగం కుదురుస్తుందన్నది వేరే పద్దు. మొదటిదానికి 2002 నాటి ప్రయోగాలు వోచర్లు. రెండోదానికి వోచర్ చూపమని అడగండి.