చక్రాల మీటకు చక్రం రూపం

రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా బీ-17 బాంబర్లకు ఒక వింత ప్రమాదం తరచూ జరిగేది. విమానం క్షేమంగా దిగాక రెక్కల వెనుక అంచున తెరుచుకున్న ఫ్లాప్‌లను ముడవాలి. పైలట్ వాటికి బదులు చక్రాలను ముడిచేసేవాడు. విమానం పొట్ట రన్‌వేకి ఆని రాసుకుంటూ పోయేది. పీ-47, బీ-25 విమానాలదీ ఇదే వరస. దీన్ని ‘పైలట్ తప్పు’ కింద జమకట్టేవారు.

1943లో కారణం తేల్చే పని యువ మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్ఫాన్స్ చపానిస్ మీద పడింది. ఆయన పైలట్లను వదిలి కాక్‌పిట్‌ను పరీక్షించాడు. చక్రాల మీట, ఫ్లాప్‌ల మీట పక్కపక్కనే ఉన్నాయి. చేతికి దాదాపు ఒక్కలాగే తగులుతున్నాయి. సీ-47 రవాణా విమానంలో మాత్రం ఆ రెండూ దూరదూరంగా ఉన్నాయి, నడిపే పద్ధతీ వేరు. అందులో ఈ పొరపాటే జరగడం లేదు. శిక్షణలో లోపమనే వాదనకు ఈ ఒక్క పోలికతోనే బలం పోయింది. చక్రాల మీట కొసకు చిన్న రబ్బరు చక్రాన్ని, ఫ్లాప్‌ల మీటకు ఏటవాలు ముక్కను తగిలించారు. చీకటిలోనైనా, అలసటలోనైనా తేడా వేళ్లకే తెలిసేది. ఖర్చు చూస్తే అతి స్వల్పం. ఇంత చిన్న మార్పుకు అన్ని విమానాలు పాడవాల్సి రావడం విచారకరం.

యుద్ధం ముగిశాక అమెరికా పరిశోధకులు పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ ఇదే ప్రశ్నను విస్తరించారు. మీటలూ స్విచ్చులూ వాడడంలో జరిగిన 460 పొరపాట్లను పైలట్ల నుంచే సేకరించి 1947లో నివేదిక ఇచ్చారు. వాటిలో సగం, ఒకటి కదపబోయి మరొకటి కదిపినవే. కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు. ఎడమ నుంచి కుడికి బీ-25లో థ్రాటిల్, ప్రొపెల్లర్, మిక్చర్ (ఇంధనం-గాలి మిశ్రమం) మీటలు వరుసగా ఉండేవి. సీ-47లో ప్రొపెల్లర్ మీట ముందుకొచ్చేది. సీ-82లో మిక్చర్ మొదటిది, ప్రొపెల్లర్ చివరిది. ఒక విమానంలో చేతికి పట్టుబడిన అలవాటే మరో విమానంలో ప్రాణాల మీదికి తెచ్చేది. మూడు ముళ్ల ఆల్టీమీటర్‌ది మరో చిక్కు. ఎత్తును వెయ్యి అడుగులు తప్పుగా చదివిన పైలట్లు ఎందరో ఉన్నారు.

బ్రిటన్‌లో నార్మన్ మాక్‌వర్త్ రాడార్ సిబ్బంది కోసం చేసిన ప్రయోగాలు మనిషికున్న మరో హద్దును చూపాయి: తెర మీద అరుదుగా కనిపించే గుర్తును కనిపెట్టే శక్తి అరగంటలోనే సన్నగిల్లుతుంది. పనిముట్లను మనిషికి అనువుగా మలిచే ఈ శాస్త్రానికి అక్కడ 1949లో ఎర్గోనామిక్స్ పరిశోధన సంఘం ఏర్పడింది. అమెరికాలో ఇలాంటిదే 1957లో వచ్చింది.

పెద్ద ప్రయాణికుల విమానాల్లో చక్రాల మీట పిడి చక్రం ఆకారంలో, ఫ్లాప్‌ల మీట పిడి ఫ్లాప్ ఆకారంలో ఉండాలని అమెరికా విమానయాన నిబంధనలు నేటికీ శాసిస్తున్నాయి.