వాక (కంచె మొక్క)

వాక ఏడాది పొడవునా పచ్చగా ఉండే ముళ్ల పొద. దీని కాయే వాక్కాయ. అడవుల్లో కనిపించే దీని దగ్గరి చుట్టం కలివి. ఐరోపా తోటల్లో పెంచే హోలీ అనే పొదకు ఉన్న గుణాలన్నీ, అంటే దళసరి ఆకు, ముల్లు, ఎర్రని కాయ, వాకలోనూ ఉన్నాయి. చలిదేశపు హోలీని తెచ్చి నాటినా రోలుగుంట వంటి తూర్పు కనుమల దిగువ మెట్టల్లో ఎండకు తాళలేదు. పైగా హోలీలో ఆడ మొక్క, మగ మొక్క వేరు. దగ్గర్లో మగ మొక్క లేకపోతే కాయ పట్టదు. వాకకు ఆ బెడద లేదు. ఆకు తుంచితే పాలు కారతాయి. కణుపుల దగ్గర జంటగా మొలిచే ముళ్లు కొన్నిసార్లు కొసన రెండుగా చీలి ఉంటాయి. పశువులు ఆ పొదలో తల దూర్చవు.

కంచెకు స్థానిక మొక్కే మేలని చరిత్రే చెబుతోంది. సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు రాక్స్‌బర్గ్ 1795 నుంచి అచ్చయిన తన కోరమాండల్ మొక్కల గ్రంథంలో వాక బొమ్మ వేయించాడు. ఉప్పు పన్ను ఎగవేతను అడ్డుకోవడానికి ఆంగ్లేయులు పెంచిన మహా కంచెలో తుమ్మ, రేగులతో పాటు వాకనూ నాటారు. 1879లో ఆ సుంకపు సరిహద్దునే ఎత్తేశారు. కంచె కోసమో అందం కోసమో సీమల నుంచి వచ్చిన లాంటానా మాత్రం అడవులకెక్కింది. పరాయి మొక్కే అయిన నాగజెముడు పొలాలను కమ్మేస్తే, 1926లో దక్షిణ భారతంలో దాని మీదికి పురుగును వదలాల్సి వచ్చింది.

ముళ్ల తీగ ఒక్కరోజులో కట్టొచ్చు, వాక ఎదగడానికి ఏళ్లు పడుతుందన్నది సబబైన అభ్యంతరమే. కానీ తీగ తుప్పు పడుతుంది, పులిహోరకూ పప్పుకూ పులుపునివ్వదు. బేకరీ కేకుల మీది ఎర్ర చెర్రీలు చాలావరకు చక్కెర పాకంలో ఊరిన వాక్కాయలే. మొక్క ఎంపికలో కాయ రంగు చూడాలి: పంత్ మనోహర్, పంత్ సుదర్శన్ రకాలకు తెలుపు మీద గులాబీ ఛాయ, పంత్ సువర్ణకు ఆకుపచ్చ మీద గోధుమ ఛాయ. గింజలు ఎండితే మొలకెత్తే శక్తి త్వరగా పోతుంది కనుక పండు నుంచి తీయగానే విత్తాలి. గింజ మొక్కల్లో తల్లి లక్షణం ఉన్నదున్నట్టు రాదు, అంటు తొక్కితే వస్తుంది. పూత కొమ్మల కొసనే పడుతుంది. తరచూ కత్తిరిస్తే కంచె చిక్కబడుతుంది గానీ కాయ ఉండదు. రెండూ కావాలంటే వానాకాలపు కోత అయ్యాకే కత్తెర పట్టాలి.