మన పేట ఓపెన్ కారు, దాని కమాను పట్టీలు – కొంత చరిత్ర, ఒక మనవి



పోయిన ఆదివారం మీటింగులో పాత ఓపెన్ కారు సంగతి వచ్చింది, తేలకుండానే లేచాం. నారళీ పౌర్ణమి మార్కండేయ రథోత్సవానికల్లా దాన్ని బాగు చేయించాలని మన పిల్లలు అన్నారు. వెనక భాగం కిందికి కూర్చుంది, కమానులో రెండు పట్టీలు ఎక్కువ వేయిస్తే ఎత్తుగా, దర్జాగా ఉంటుందన్నారు. పెద్దలు కొందరు పాత ఇనుము కింద అమ్మేయమన్నారు. మేము ఆ రోజు నోరు విప్పలేదు. ఎందుకు విప్పలేదో, ఇప్పుడు ఎందుకు రాస్తున్నామో కింద చెబుతాం. పొడుగు అవుతుంది, ఓపికగా చదవగలరు.

కొత్తగా చేరినవారికి మా సంగతి ఒక ముక్క. మేము అరక్కోణంలో తమిళ మీడియంలో చదివాం. తెలుగు ఇంట్లో మాట్లాడిన భాషే గాని, అక్షరాలు పెళ్ళయి షోలాపూర్ వచ్చాక మా మామగారి దగ్గర నేర్చుకున్నవి. అందుకే అక్షర దోషాలు ఉంటాయి. రైల్వేలో గుమాస్తాగా పనిచేసి రిటైర్ అయ్యాం. మేము మిస్త్రీలం కాము. కాని ఉద్యోగమంతా బండ్లు, పట్టాలు, స్ప్రింగుల కాగితాల మధ్యనే గడిచింది.

బండి కుదుపు తక్కువగా ఉండాలి, మలుపులో మాట వినాలి. ఈ రెండింటినీ ఒకేసారి సాధించడం ఎంత కష్టమో మన జిల్లాకు నూరేళ్ళ పైబడి తెలుసు. 1897లో కుర్డువాడి దగ్గర నుంచి బార్సీకి చిన్న రైలు పడింది. బార్సీ లైట్ రైల్వే అని పేరు. దాన్ని కట్టించిన ఇంజనీరు ఎవరార్డ్ కాల్త్రాప్ అనే ఇంగ్లీషు దొర. పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులే. పట్టా బరువు గజానికి ముప్పై పౌండ్లు. అంత సన్నని పట్టా మీద బరువు మోయాలంటే ఎలా? ఆయన ఒక నియమం పెట్టుకున్నాడు. ఇంజను గాని, పెట్టె గాని, ఏ ఇరుసు మీదా ఐదు టన్నులకు మించి బరువు పడకూడదు. బరువును అన్ని చక్రాలకూ సమంగా పంచాలి. అలా పంచితే సన్నని పట్టా కూడా మోస్తుంది, బండి కూడా ఊగదు. ఇంగ్లండులో లీడ్స్ దగ్గర ఈ బండ్లను ముందుగా నడిపి చూపించి మరీ ఇక్కడికి తెచ్చాడు. ఆ లైను తరువాత పండరిపురానికి, లాతూరుకు, 1927లో మిరజ్ దాకా పోయింది.

ఆ బార్సీ లైనుకు, మన దేశపు కార్లకు చుట్టరికం ఉంది. 1882లో మన షోలాపూర్లోనే పుట్టిన వాల్‌చంద్ హీరాచంద్ మొదట రైల్వే కాంట్రాక్టరు. ఆయన భాగస్వామి లక్ష్మణరావ్ ఫాటక్ అంతకుముందు రైల్వే గుమాస్తా. గుమాస్తా అనగానే మాకు కొంచెం గర్వం, మన్నించండి. బార్సీ లైట్ రైల్వే పని వారి మొదటి కాంట్రాక్టులలో ఒకటి. అదే వాల్‌చంద్ 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ స్థాపించారు. బొంబాయి కుర్లాలో డాడ్జ్, ప్లిమత్ కార్లు, ఆ తరువాత ఫియట్ 1100 తయారయ్యాయి. మనం చిన్నప్పటి నుంచీ ఎక్కిన ఫియట్ టాక్సీ ఆ ఇంటి పిల్లే.

కాని మన ఓపెన్ కారు ఫియట్ కాదు. అది మద్రాసు పిల్ల, స్టాండర్డ్ హెరాల్డ్. మేము అరవనాట పెరిగినవాళ్ళం గనుక దాని మీద మాకు ఇంకొంచెం మమకారం. ఇంగ్లండులో ట్రయంఫ్ కంపెనీ 1959లో ఈ కారును తెచ్చింది. రూపం దిద్దినవాడు ఇటలీ దేశపు మికెలొట్టి. మద్రాసు దగ్గర వండలూరు వైపు ఉన్న స్టాండర్డ్ మోటార్ ఫ్యాక్టరీలో 1961 నుంచి మన దేశపు హెరాల్డ్ తయారైంది. ఇంజను 948 సి.సి. బానెట్ మొత్తం ముందుకు తెరుచుకుంటుంది. ఇరవై ఐదు అడుగుల వెడల్పులో గుండ్రంగా తిరిగిపోతుంది. మన సందుల్లో అందుకే దానికి అంత పేరు.

అప్పటికే చాలా కార్లు చాసిస్, బాడీ ఒకటిగా కలిపి చేస్తున్నారు. హెరాల్డ్‌కు చాసిస్ వేరు, దాని మీద బాడీని ముక్కలు ముక్కలుగా బోల్టులతో బిగించారు. పైకప్పు కూడా బోల్టులతోనే. అందువల్ల కప్పు విప్పి ఓపెన్ కారుగా వాడుకోవడం సులువైంది. మన పేటలో వరుడి ఊరేగింపులకు ఇది వచ్చింది ఇలాగే. సాఖర్ పేట, దాజీ పేట, అశోక్ చౌక్, కన్నా చౌక్ వీధుల్లో ఎన్ని పెళ్ళిళ్ళకు పూలు కట్టుకుని తిరిగిందో మీలో పెద్దవారికి గుర్తుంటుంది.

ఇక అసలు విషయం, దాని వెనక చక్రాలు. లారీకి, ఫియట్‌కు వెనక ఒకే గట్టి ఇరుసు ఉంటుంది, ఈ చివర నుంచి ఆ చివరి దాకా. హెరాల్డ్‌కు అలా కాదు. నడుమ గేరు డబ్బా చాసిస్‌కు బిగించి ఉంటుంది. దాని పైన అడ్డంగా ఒకే కమాను పట్టీల కట్ట. రెండు పక్కలా రెండు చిన్న ఇరుసులు, తలుపు బందు మీద ఊగినట్టు పైకి కిందికి ఊగుతాయి. దీన్ని స్వింగ్ యాక్సిల్ అంటారు. గుంటలో ఒక చక్రం పడితే రెండో చక్రానికి తెలియదు, ప్రయాణం మెత్తగా ఉంటుంది. కాని చక్రం పైకి కిందికి పోయినప్పుడల్లా వాలు కూడా మారుతుంది. బండి వెనక భాగం కిందికి ఉంటే చక్రాల తలలు లోపలికి వాలి, కాళ్ళు బాగా చాపి నిలబడ్డట్టు ఉంటుంది. వెనక భాగం పైకి లేస్తే చక్రాల కింది అంచులు లోపలికి ముడుచుకుంటాయి.

మలుపులో వేగంగా పోతూ డ్రైవరు భయపడి ఒక్కసారి బ్రేకు నొక్కితే బరువు ముందుకు పోతుంది, వెనక భాగం లేస్తుంది. బయటి వైపు చక్రం బండి కిందికి ముడుచుకుంటుంది. అప్పుడు వెనక భాగం ఒక్కసారి పక్కకు జారిపోతుంది.

మాకు ఇది పుస్తకం చదివి తెలిసింది కాదు. 1980ల నాటి మాట. మా బావమరిది పెళ్ళికి అదే ఓపెన్ కారు. వెనక నలుగురు కూర్చుంటే కిందికి కుంగుతోంది, ఫొటోలో బాగుండదని పట్టీ ఒకటి ఎక్కువ వేయించింది ఎవరో కాదు, మేమే. మిస్త్రీ వద్దన్నాడు. మేము డబ్బు ఇచ్చి మరీ వేయించాం. ఊరేగింపు చక్కగా జరిగింది. నెమ్మదిగా పోతే ఏ కారైనా సాధువే. పెళ్ళి ముగిసి ఖాళీ కారు తిరిగి తెస్తుంటే పిల్లలు ఎక్కి సీటు వెన్ను మీద కూర్చున్నారు. అక్కల్‌కోట్ రోడ్డు మలుపులో మేక అడ్డం వచ్చింది, బ్రేకు పడింది, వెనక భాగం లేచి పక్కకు పోయింది. కారు బోల్తా పడలేదు. పైన కూర్చున్న మా మరదలి కొడుకు మాత్రం రోడ్డు మీద పడ్డాడు. ఏడేళ్ళవాడు. మోచెయ్యి విరిగింది. ఎముక అతికింది గాని ఆ చెయ్యి ఈ రోజుకీ పూర్తిగా చాపలేడు. మీటింగులో మేము నోరు విప్పకపోవడానికి కారణం అతను మా ఎదురుగానే కూర్చుని ఉండడం. అతను ఏనాడూ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. దాంతో మాకు ఇంకా కష్టంగా ఉంటుంది.

ఇది మన ఒక్క పేట కథ కాదు. అమెరికాలో షెవర్లే కోర్వేర్ అనే కారుకు కూడా మొదట స్వింగ్ యాక్సిలే. 1965లో రాల్ఫ్ నాడర్ అనే న్యాయవాది కార్ల ప్రమాదాల మీద పుస్తకం రాసి, మొదటి అధ్యాయమే దాని మీద పెట్టాడు. ఆ కారుకు ముందు టైర్లలో గాలి 15 పౌండ్లు, వెనక 26 ఉంచాలి. ఆ తేడా పాటించకపోతే మలుపులో ప్రమాదం. కంపెనీ వారు 1964 మోడలులో అడ్డ పట్టీ చేర్చారు, 1965లో వెనక ఏర్పాటునే మార్చేశారు.

ట్రయంఫ్ వారూ ఊరుకోలేదు. పెద్ద ఇంజను కార్లకు 1968లో చక్రం కింద అదనపు చెయ్యి వేసి వాలును అదుపు చేశారు. 1970లో స్పిట్‌ఫైర్ అనే చిన్న ఓపెన్ కారుకు ఒక తెలివైన ఉపాయం చేశారు. కమాను కట్టలో ఒక్క పట్టీని మాత్రం బిగించి, మిగతావి ఊగేలా వదిలారు. దానితో మలుపులో వెనక భాగం ఎగదన్నడం తగ్గింది. దానికి జోడుగా ముందు వైపు అడ్డ కడ్డీని లావు చేశారు. రెండూ కలిపి చేయాలి, ఒకటి చేసి ఒకటి వదిలితే లాభం లేదు. మన మద్రాసు వారు వేరే దారి పట్టారు. 1970లలో వచ్చిన గజెల్ కారుకు స్వింగ్ యాక్సిల్ తీసేసి మామూలు గట్టి ఇరుసు వేశారు. మన మిస్త్రీలకు తెలిసిన పని అది.

మగ్గం దగ్గర పెరిగినవారికి దీన్ని చెప్పడం సులువు. పడుగు వదులైతే పోగులు చిక్కు పడతాయి, బిగువైతే తెగుతాయి. బీము మీద బరువు ఎంత వేయాలో నేతగాడికి చెయ్యి చెబుతుంది. కమాను పట్టీ కూడా అంతే. ఎక్కువ వేస్తే బలం వచ్చిందనుకుంటాం, నిజానికి పోయేది అదుపు.

ఇక మా మనవి. అమ్మవద్దు, కాని ఎత్తు చేయవద్దు. పని ఈ వరసలో చేయిస్తే బాగుంటుందని మా అభిప్రాయం.

మొదట చాసిస్. కప్పు లేని కారుకు బలమంతా అక్కడే. పక్క చేతులకు తుప్పు పట్టిందా, బాడీ కింది రబ్బర్లు చితికిపోయాయా చూడాలి. తలుపు సందు పైన ఒకలా, కింద ఒకలా ఉంటే చాసిస్ వంగినట్టే. అది సరిచేయకుండా స్ప్రింగుల మీద ఖర్చు దండగ.

రెండు, ముందు చక్రాల కింది ఇత్తడి కీళ్ళు. వాటికి గ్రీజు పనికిరాదు, 90 నంబరు గేరు నూనె పోయాలి. గ్రీజు గట్టిపడి లోపల నీరు చేరితే తుప్పు పట్టి కడ్డీ విరుగుతుంది, చక్రం పక్కకు పడిపోతుంది. చాలా చోట్ల అలవాటుగా గ్రీజే కొడతారు. దగ్గరుండి చూడాలి.

మూడు, వెనక కమాను. ఎక్కువ పట్టీ తీసేసి, ఉన్నవాటిని కడిగి, పాత వంపుకు తెప్పించాలి. మనుషుల బరువు పడ్డప్పుడు వెనక చక్రాల తలలు ఇంచుక లోపలికి వాలి ఉండాలి. బయటికి వాలితే వెనక్కి పంపండి.

నాలుగు, షాక్ అబ్జార్బర్లు, వెనక కడ్డీల రబ్బరు బుష్‌లు కొత్తవి. నాలుగు టైర్లూ ఒకే రకం, వెనక గాలి ముందు కన్నా ఎక్కువ. అలైన్‌మెంట్ అన్నిటికన్నా చివర, మనుషులు కూర్చున్నాక చూడాలి.

ఐదవది డబ్బు ఖర్చు లేనిది. సీటు వెన్ను మీద ఎవరూ కూర్చోకూడదు. వరుడైనా సరే, సంఘం అధ్యక్షుడైనా సరే. బరువు కిందికి ఉండాలని మా మిస్త్రీ చెప్పినదే.

ఖర్చులో మా వంతు మేము ఇస్తాం. నలభై ఏళ్ళ కింద ఒక పట్టీ ఎక్కువ వేయించింది మేము. దాన్ని తీయించే రోజు గ్యారేజీలో మేము ఉండాలని కోరిక. మా మరదలి కొడుకును కూడా రమ్మని అడిగాం. వస్తానన్నాడు.

వచ్చే ఆదివారం మీటింగులో మిగతా మాట. తప్పులుంటే మన్నించి సరిదిద్దగలరు.