తలుపు తెఱచినవారు

వర్తకమునకు మూలధనము, నేర్పు, శ్రమ ఈ మూడును కావలెనని పెద్దలు చెప్పుదురు. నాలుగవది యొకటి కలదు. అది కొనువాడు. సరకు ఎంత మేలైనదైనను, కొనువాని వాకిటికి పోవుటకే వీలు లేనివానికి తక్కిన మూడును వ్యర్థములు. పూర్వము కొనువాడు సంతలో ఎదురుపడెడి మనుష్యుడు. వానితో బేరమాడవచ్చును, సరకు చేతికిచ్చి చూపవచ్చును. నేటి కొనువాడు పలుచోట్ల మనుష్యుడు కాడు, కంపెనీ. వేలకొలది జనులకు పని యిచ్చెడి కర్మాగారము మేకు మొదలు మోటారు వఱకు, కాగితము మొదలు కాఫీ వఱకు ఎన్నియో వస్తువులను బయటివారి యొద్దనే కొనును. ఎవరి యొద్ద కొనవలెనో నిర్ణయించునది ఒక గదిలోని జాబితా. అందు పేరున్నవాడు వర్ధిల్లును. లేనివాడు వీథిలో నిలిచి చూచుచుండును.

అమెరికా సంయుక్తరాష్ట్రములలో ఆ జాబితాకు వెలుపల నూఱేండ్లు నిలిచిన జనులు అందులోనికి ఎట్లు ప్రవేశించిరో తెలుపుట ఈ వ్యాసమునకు ప్రయోజనము. ఇది పరదేశపు కథయే. కాని యిందు మనకొక ఋణము కలదు. దానిని తుదను విన్నవించెదను.

1865లో ఆ దేశపు రాజ్యాంగమునకు జరిగిన పదమూడవ సవరణము దాస్యమును రద్దు చేసెను. స్వేచ్ఛ వచ్చెను గాని సంత రాలేదు. రైలుబండి, బడి, భోజనశాల వేఱు చేయబడినట్లే వర్తకమును వేఱు చేయబడెను. నల్లజాతివారు దుకాణములు పెట్టిరి, బీమా కంపెనీలు స్థాపించిరి, పత్రికలు నడపిరి. బూకర్ టి. వాషింగ్టన్ 1900లో బోస్టను నగరమున నేషనల్ నీగ్రో బిజినెస్ లీగ్ అను వర్తకసంఘమును నెలకొల్పెను. స్వయంకృషితో ధనమార్జించినచో గౌరవము దానంతట వచ్చునని ఆయన విశ్వాసము. కాని ఆ వర్తకుల ఖాతాదారులు చాలవఱకు స్వజాతివారే. బీదవారికి మాత్రమే అమ్మువాని దుకాణము బీదదిగానే యుండును. ఊరిలోని ధనమంతయు ప్రవహించు కాలువ వేఱొకచోట నుండగా, వీరు చేద వేసి తోడుకొన్న నీటితోనే కాలము గడపవలసివచ్చెను.

మొదటి తిరుగుబాటు వర్తకులనుండి కాక కొనువారినుండియే పుట్టెను. 1929, 1930 సంవత్సరములలో చికాగో నగరపు నల్లజాతివారు, తమకు ఉద్యోగమీయని దుకాణమున తమ డబ్బు వ్యయపెట్టరాదను ఉద్యమమును లేవదీసిరి. 1960లో ఫిలడెల్ఫియాలో లియాన్ సల్లివన్ అను మతబోధకుడు ఆ యాయుధమునే పదునుపెట్టెను. ఇంచుమించు 400 మంది నల్లజాతి బోధకులు ఆయనతో కలిసిరి. వారు ఒక్కొక్కమారు ఒక్కొక్క కంపెనీని ఎంచుకొని, ఆదివారమునాడు దేవాలయములలో, ఈ కంపెనీ సరకు కొనకుడని సభ్యులకు చెప్పెడివారు. మొదట ఎన్నుకొనబడినది టేస్టీ బేకింగ్ అను రొట్టెల కంపెనీ. పెద్ద పత్రికలు ఈ ఉద్యమమును పట్టించుకొనకపోయినను, ఆ కంపెనీ కొలది నెలలలోనే వారి కోరికలకు లొంగెను. అణాలు లెక్కపెట్టుకొని సరకు కొనెడి గృహిణి తన చేతిసంచిలో నెంత బలమున్నదో అప్పుడు తెలిసికొన్నది.

ఇంతవఱకు వారడిగినది ఉద్యోగములే. మార్టిన్ లూథర్ కింగ్ నడపిన సంఘము 1962లో అట్లాంటాలో ఆపరేషన్ బ్రెడ్‌బాస్కెట్ అను శాఖను స్థాపించెను. 1966లో అది చికాగోకు వచ్చి, జెస్సీ జాక్సన్ అను యువకుని చేతిలో క్రొత్త రూపము దాల్చెను. చికాగోలో ఆర్గియా కాలిన్స్ అను భోజనశాల యజమానుడు మాంసము కాల్చునప్పుడు పూసెడి పులుసొకటి చేసి, దానికి మంబో అని పేరుపెట్టి అమ్ముచుండెను. రుచి యందఱికి నచ్చినను పెద్ద దుకాణముల అఱలలో దానికి చోటు లేదు. కాలిన్స్ వంటివారి కష్టము చూచి బోధకులు అడుగవలసిన ప్రశ్నను మార్చిరి. మీరు మాకు ఎన్ని ఉద్యోగములిత్తురు అని మాత్రమే కాక, మా యొద్ద ఏమి కొందురు అని అడుగసాగిరి. దుకాణములతో వ్రాసికొన్న యొడంబడికలలో నల్లజాతివారు తయారుచేసిన పాలు, పులుసులు, నేల మెఱుగు పెట్టు మైనము అఱలలో నుంచవలెననియు, చెత్త యెత్తు పనియు, పురుగులను ఎలుకలను తొలగించు పనియు నల్లజాతి వర్తకులకు ఈయవలెననియు, దుకాణపు ధనములో కొంత నల్లజాతి బ్యాంకులలో నుంచవలెననియు షరతులు చేరెను.

ఈ మార్పు చిన్నదిగా కనబడును గాని మిక్కిలి పెద్దది. ఉద్యోగము ఒక కుటుంబమును పోషించును. ఒక సరఫరా కంట్రాక్టు పది కుటుంబములకు ఉద్యోగమిచ్చెడి యజమానుని పుట్టించును.

1965 మొదలు 1968 వఱకు అమెరికా నగరములు అల్లరులతో మండెను. ప్రభుత్వము మేలుకొన్నది. చిన్నవ్యాపారముల సహాయార్థము 1953లో ఏర్పడిన శాఖకు ఆ చట్టములోని 8(ఎ) అను నిబంధన యొక యధికారమిచ్చియుండెను: ప్రభుత్వమునకు కావలసిన సరకును ఆ శాఖ తానే కంట్రాక్టు పుచ్చుకొని, చిన్నవ్యాపారికి ఉపకంట్రాక్టుగా నీయవచ్చును. అంతవఱకు మూలబడియున్న ఆ నిబంధనను 1968 నుండి వెనుకబడిన జాతుల వ్యాపారుల కొఱకు ఉపయోగింపసాగిరి. 1969 మార్చి 5వ తేదీన అధ్యక్షుడు నిక్సన్ అల్పసంఖ్యాకుల వ్యాపారములకై ప్రత్యేక కార్యాలయమును స్థాపించెను. 1972లో పెద్ద కంపెనీలే ముందుకు వచ్చి, ఇప్పుడు నేషనల్ మైనారిటీ సప్లయర్ డెవలప్‌మెంట్ కౌన్సిల్ అనబడు సంఘమును ఏర్పఱచిరి. వ్యాపారమున నూటికి 51 వంతులు అల్పసంఖ్యాకులదై, పెత్తనమును వారి చేతిలోనే యున్నదని విచారించి పత్రమిచ్చుటయు, అట్టివారిని కంపెనీల కొనుగోలు అధికారులకు పరిచయము చేయుటయు ఆ సంఘపు పని.

పరిచయమునకు సంఘమెందులకని పాఠకులడుగవచ్చును. అడ్డంకులు నాలుగు. మొదటిది, ఏ కంపెనీకి ఎప్పుడు ఏమి కావలయునో బయటివానికి తెలియకపోవుట. ఆ వార్త పాత స్నేహితుల విందులలో తిరుగును. రెండవది, సరకు మోపు. దేశమంతటికి ఒక్కనినే సరఫరా చేయుమన్నచో చిన్నవాడు చేయలేడు. ఆ మోపును నాలుగు కట్టలుగా విడదీసినచో చేయగలడు. మూడవది జామీను. పెద్ద కట్టడపు పనికి జామీను కంపెనీ పూచీ కావలెను. ఇంతకుముందు పెద్ద పని చేసినవానికే ఆ పూచీ దొరకును. పిచ్చి కుదిరిన గాని పెండ్లి కాదు, పెండ్లి యైన గాని పిచ్చి కుదరదు అను మన సామెత ఇక్కడ అక్షరాల చెల్లును. నాలుగవది, సొమ్ము చేతికి వచ్చెడి గడువు. పెద్ద కంపెనీ రెండు మూడు నెలలకు గాని బిల్లు చెల్లింపదు. కూలివానికి వారము తిరుగునప్పటికి కూలి ఈయవలెను. ఈ నాలుగింటిలో ఒక్కటియు చేతకానితనము కాదు. అయినను చేతకానివారన్న నింద మాత్రము వారికే దక్కెను.

ఈ యడ్డంకులను అధికారబలముతో తొలగించినవాడు మేనార్డ్ జాక్సన్. 1973లో ఆయన అట్లాంటాకు మేయరుగా ఎన్నికయ్యెను. ఆ పదవిని పొందిన మొదటి నల్లజాతివాడు ఆయనయే. అప్పటికే నగరజనులలో సగముకంటె ఎక్కువమంది నల్లజాతివారు. నగరపాలకసంఘపు కంట్రాక్టులలో వారికి దక్కుచుండినది నూటికి ఒకవంతుకంటె తక్కువ. అదే సమయమున గొప్ప విమానాశ్రయపు కట్టడము మొదలుకావలసియుండెను. పెద్ద కంట్రాక్టర్లు అల్పసంఖ్యాకుల వ్యాపారములను భాగస్వాములుగా చేర్చుకొనవలెనని ఆయన పట్టుపట్టెను. వర్తకప్రముఖులు, పత్రికలవారు కోపించిరి. ఈ షరతు లేనిచో విమానముల దారిలో కలుపు మొలచుగాక అని ఆయన బదులు చెప్పెనట. 1980 సెప్టెంబరులో విమానాశ్రయము తెఱవబడెను. కంట్రాక్టులలో ఇంచుమించు నాలుగవవంతు అల్పసంఖ్యాకులకు చేరెను. పని చెడునన్న భయము పని పూర్తియైనప్పుడు తీఱెను.

దేశచట్టమును ఈ దారినే నడచెను. మేరీలాండు ప్రతినిధి పారెన్ మిచెల్ ప్రయత్నమువలన 1977లో 400 కోట్ల డాలర్ల ప్రభుత్వ నిర్మాణములలో నూటికి 10 వంతులు అల్పసంఖ్యాకుల వ్యాపారములకు ప్రత్యేకింపబడెను. 1978 చట్టము ఇంతకంటె లోతైనది. 5 లక్షల డాలర్లకు మించిన ప్రభుత్వ కంట్రాక్టు పొందెడి పెద్ద కంపెనీ, కట్టడములైనచో 10 లక్షలకు మించినప్పుడు, అందులో ఎంత భాగమును చిన్నవ్యాపారులకును వెనుకబడినవారికిని ఇచ్చునో ముందుగానే వ్రాసి చూపవలెనని అది విధించెను. ప్రభుత్వధనము తీసికొనువాడు తన కొనుగోళ్లకు లెక్క చెప్పవలెనన్న న్యాయము ఇట్లు స్థిరపడెను.

మంచిపనిలో మోసము చొరకుండునా? న్యూయార్కులోని బ్రాంక్సు పేటలో వెడ్‌టెక్ అను కంపెనీ, అల్పసంఖ్యాకుని యాజమాన్యము పేర సైన్యమునకు యంత్రములు సరఫరా చేసెడి కంట్రాక్టులు పొందెను. యాజమాన్యపు పత్రములు దొంగవనియు, పెద్దలకు లంచములు ముట్టినవనియు బయటపడెను. 1986లో అది దివాలా తీసెను. 1988లో ఒక కాంగ్రెసు సభ్యుడు శిక్షార్హుడని తేలెను. ముందు నల్లని ముఖమును నిలిపి వెనుక తెల్లని చేయి లాభము పుచ్చుకొనుట వేఱుచోట్లను జరిగెను. దొంగలున్నారని ధర్మసత్రమును మూసివేయుదుమా, కావలి పెట్టుదుమా అనునదే విచారింపదగినది.

ధర్మాసనముల తీర్పులు వేఱొక ప్రశ్నను లేవదీసెను. ప్రభుత్వము జాతిని చూచి పని పంచవచ్చునా? 1980లో సుప్రీముకోర్టు 1977 చట్టమును సమర్థించెను. 1989లో రిచ్మండు నగరపు నూటికి 30 వంతుల నియమమును కొట్టివేసెను. ఆ వ్యాజ్యమున వాదియైన కంట్రాక్టరు జైలులో మరుగుదొడ్ల సామగ్రి అమర్చుటకు టెండరు వేసిన ఒకే ఒక్కడు. తగిన ధరకు అల్పసంఖ్యాక సరఫరాదారుడు దొరకలేదని అతని మొఱ. అది త్రోసివేయదగిన మొఱ కాదు. కాని ఆ నగరములో సగము జనులు నల్లజాతివారు; 1978 మొదలు 1983 వఱకు ప్రధాన కంట్రాక్టులలో వారికి దక్కినది నూటికి 0.67 వంతులు. చరిత్రయందలి అన్యాయమును సామాన్యముగా చెప్పిన చాలదు, ఈ యూరిలో ఈ వృత్తిలో జరిగిన అన్యాయమును నిరూపింపుడని ధర్మాసనము ఆజ్ఞాపించెను. 1995లో కేంద్రప్రభుత్వమునకును ఆ కఠిన పరీక్షయే విధింపబడెను. 2023లో టెనెస్సీలోని యొక న్యాయస్థానము, ఒక జాతిలో పుట్టినంతమాత్రమున వెనుకబడినవాడని 8(ఎ) పద్ధతిలో ఊహింపరాదని తీర్పు చెప్పెను. 2025 మార్చిలో, 1969 నాటి కార్యాలయమునుండి పెరిగిన సంస్థను చట్టమునకు తప్పనంత మేరకు కుదింపుడని అధ్యక్షుని ఉత్తరువు వెలువడెను. ఏబదియేండ్లు తెఱచియున్న తలుపు మరల మూయబడుచున్నదను భయము అక్కడివారిని పట్టుకొన్నది.

ఇక మన ఋణము. 1965 నాటి వలసచట్టము తరువాత మనవారు ఇంజనీర్లుగా, వైద్యులుగా అమెరికా చేరిరి. వారి సంఘమొకటి అర్జీ పెట్టుకొనగా, 1982లో చిన్నవ్యాపారముల శాఖ భారతీయ సంతతివారిని కూడ వెనుకబడిన వర్గములలో చేర్చెను. నాటినుండి ఎందఱో భారతీయులు ఆ ద్వారమున ప్రవేశించి ప్రభుత్వ కంట్రాక్టులు, కంపెనీల సరఫరాలు సంపాదించిరి. వారిలో తెలుగువారును కలరు. వారి శ్రమను నేను తక్కువ చేయను. వర్ణభేదపు బాధ వారికిని తగిలియుండును. కాని ఫిలడెల్ఫియాలో రొట్టె కొనక మానిన గృహిణి మన ఇంటి ఆడుపడుచు కాదు. అట్లాంటాలో నిందలు మోసిన మేయరు మన చుట్టము కాడు. ఇతరులు త్రవ్విన నూతిలో నీరు త్రాగినవారము మనము. త్రవ్వినవానిని సోమరియని ఆక్షేపించు మాట, సముద్రము దాటిన మనవారి నోట నేనొకటి రెండుమార్లు విని సిగ్గుపడితిని.

ఆ ఋణము తీర్చుకొను చోటు మన యింటనే యున్నది. 2012లో భారతప్రభుత్వము కేంద్రశాఖలును ప్రభుత్వసంస్థలును తమ కొనుగోళ్లలో నూటికి 20 వంతులు సూక్ష్మ, చిన్న పరిశ్రమలనుండియు, ఆ యిరువదిలో 4 వంతులు షెడ్యూలు కులముల, తెగలవారి పరిశ్రమలనుండియు కొనవలెనని విధించెను. 2018లో 20ని 25గా పెంచి, స్త్రీల పరిశ్రమలకు 3 వంతులు చేర్చెను. టెండరు పత్రములు ఉచితము, ధరావతు అక్కఱలేదు, తక్కువ ధరకు 15 వంతుల లోపల పాడిన చిన్న పరిశ్రమ ఆ తక్కువ ధరకు ఒప్పుకొన్నచో కొంత భాగము దానికీయవచ్చును. విశాఖపట్టణపు ఉక్కు కర్మాగారము వంటి సంస్థలకు ఈ నియమము వర్తించును. కాని షెడ్యూలు కులముల, తెగల వారికై పెట్టుకొన్న 4 వంతుల గుఱి ఏండ్ల తరబడి అందలేదు. ప్రైవేటు కంపెనీలకు ఈ నియమమే లేదు. అక్కడి నాలుగడ్డంకులును ఇక్కడ కలవు. వానిపై అయిదవది యొకటి, చేసినవాని కులము.

చట్టము తలుపు గడియ తీయగలదు. లోపలికి రమ్మని పిలువలేదు. ఆ పిలుపు కొనువాని నోటనుండి రావలెను. కంపెనీలో కొనుగోలు అధికారిగా నున్న మన కుమారుడు, బడికి బల్లలు చేయించు మనము, పెండ్లికి వంటసామగ్రి తెప్పించు గృహిణి, అందఱును తమ జాబితాను ఒక్కమారు తీసి చూచుకొనవలెను. అందులోని పేరులన్నియు ఒక్క వీథివే యైనచో, తక్కిన వీథులలో నేర్పరులు లేక కాదు, మనము ఆ వీథులకు పోక. సంస్కరణము సభలలో పలుకు మాటగా నుండి చాలకాలమైనది. ఇకనది మన పద్దుల పుస్తకములోనికి రావలెను.