ఉత్తరాంధ్రలో పొడవు, వైశాల్యం, ఘనపరిమాణాల కొలత

క్షేత్రమితి అనేది పొడవును, వైశాల్యాన్ని, ఘనపరిమాణాన్ని కొలిచే గణితభాగం. పొడవుకు ఒక దిశ, వైశాల్యానికి రెండు, ఘనపరిమాణానికి మూడు దిశలు కావాలి కనుక పాఠ్యపుస్తకాలు వాటిని ఆ వరుసలోనే బోధిస్తాయి. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలలో మాత్రం ఆ వరుస చాలాకాలం తారుమారుగా నడిచింది.

పొడవుకు జాన, మూర, బార సరిపోయేవి. పొలాన్ని మాత్రం పొడవు వెడల్పుల లబ్ధంగా చెప్పుకోవడం అరుదు. కళింగాన్నేలిన తూర్పు గంగరాజుల తొలి తామ్రశాసనాలలో దానభూమి హలాలలో, అనగా నాగళ్ల లెక్కన, కనిపిస్తుంది. తరవాత ఇన్ని కుంచాల, ఇన్ని పుట్ల విత్తనం పట్టే నేల అనే లెక్క వాడుకలో ఉండేది. ఇది నేల వైశాల్యాన్ని గింజలు కొలిచే పాత్రతో చెప్పడం. ఒకే విస్తీర్ణం గల మెరకకూ పల్లానికీ లెక్క వేరుగా రావడం సర్వేయరుకు లోపంగా తోచవచ్చు గాని, సాగుచేసేవాడికి కావలసిన సమాచారం అందులోనే ఉంది. ఈ గింజల కొలతలలో రెండు అడ్డలు ఒక కుంచం, 80 కుంచాలు ఒక పుట్టి. అడ్డ కుంచంలో సగమే పట్టినా, రెండూ ఒకే ఆకారంలో ఉంటే దాని ఎత్తు కుంచం ఎత్తులో సగం కాదు, సుమారు అయిదింట నాలుగు వంతులు. కొలతలన్నీ రెట్టింపైతే వైశాల్యం నాలుగింతలు, ఘనపరిమాణం ఎనిమిదింతలు కావడమే దీనికి కారణం.

శాస్త్రగ్రంథాల దారి వేరు. 9వ శతాబ్దపు మహావీరాచార్యుని గణితసారసంగ్రహం, క్షేత్రాల వైశాల్యానికి ఒక ప్రకరణాన్నీ, ఖాతాలకు, అంటే తవ్విన గోతుల ఘనపరిమాణానికి, మరొక దానినీ కేటాయించి, వృత్తపరిధికి వ్యాసానికి గల నిష్పత్తిని స్థూలంగా 3 గాను, సూక్ష్మంగా 10 వర్గమూలంగాను చెప్పింది. ఆ గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు.

1802 నాటి శాశ్వత శిస్తు నిర్ణయం (పర్మనెంట్ సెటిల్‌మెంట్) పొలం పొలం కొలవకుండానే జమీందార్లు ప్రభుత్వానికి కట్టే పేష్కషును స్థిరపరచడంతో, విజయనగరం వంటి పెద్ద జమీందారీలున్న ఈ ప్రాంతంలో గొలుసు సర్వే వెనుకబడింది. విచిత్రమేమంటే, ఉపఖండాన్నంతటినీ కొలిచిన మహా త్రికోణమితి సర్వే ఆ గొలుసు సర్వే కంటే ముందే ఇక్కడికి వచ్చింది: 1862 ప్రాంతంలో విశాఖపట్నం ఆధారరేఖను, ఎండకు పొడవు మారకుండా ఇనుమూ ఇత్తడీ జతచేసిన 10 అడుగుల కడ్డీలతో కొలిచారు. అలాంటి ఒక్క పొడవు కచ్చితంగా తెలిస్తే, మిగిలిన దూరాలన్నీ కోణాలతో లెక్కకు వస్తాయి. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తరవాతనే అనేక జమీందారీ గ్రామాలలో పొలం పొలం కొలిచే రైత్వారీ సర్వే సాగింది. సర్వేగొలుసు 66 అడుగులు, 100 లింకులు. 10 చదరపు గొలుసులు ఎకరం కనుక సెంటు అంటే 1,000 చదరపు లింకులు. వంకరటింకర మడిని త్రిభుజాలుగా విడదీసి, ఒక్కొక్కదాని భూమినీ ఎత్తునూ గుణించి సగం తీసి కూడేవారు.

దశాంశ (మెట్రిక్) కొలతల పద్ధతి వచ్చాక ధాన్యం తూకానికి మారింది. ఘనపరిమాణం మట్టిపనిలోను, సాగునీటిలోను నిలిచింది. నాగావళి, వంశధారల నీటిని టీఎంసీలలో, అంటే వంద కోట్ల ఘనపుటడుగులలో లెక్కిస్తారు. అడుగు లోతున నిలిపితే ఒక టీఎంసీ సుమారు 22,957 ఎకరాలను కప్పుతుంది.